రూటర్ మనది, ఖాతా ఎవరిది?

ఆఫీసులో కొత్త రూటర్ పెట్టాలంటే ఒకప్పుడు పని తెలిసిన మనిషి ల్యాప్‌టాప్, కేబుల్ పట్టుకుని రావాల్సిందే. గంటో రెండు గంటలో కూర్చుని, అడ్రసులూ నిబంధనలూ ఒక్కొక్కటే టైపు చేసి, సరిచూసుకుని వెళ్లేవాడు. ఇప్పుడు ఆ తతంగం చాలామటుకు తగ్గిపోయింది. డబ్బా అడుగున అంటించిన స్టిక్కర్ మీద సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రసు, పక్కనే క్యూఆర్ కోడ్ ఉంటాయి. ఫోన్‌లో కంపెనీ యాప్ తెరిచి ఆ కోడ్‌ను స్కాన్ చేసి, ఇంటర్నెట్ కేబుల్ గుచ్చి, స్విచ్ వేస్తే చాలు. రూటర్ తనంతట తానే ఒక ఐపీ అడ్రసు తెచ్చుకుంటుంది. తయారీదారు క్లౌడ్ సర్వర్‌ను పలకరించి, తన నంబరు చెప్పుకుంటుంది. ఆ నంబరు ఏ ఖాతాలో నమోదై ఉంటే ఆ ఖాతాదారు ముందే రాసిపెట్టిన సెట్టింగులు దిగుతాయి. కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే దించుకుని, ఒకసారి ఆరి మళ్లీ వెలుగుతుంది. ముందున్న చిన్న లైటు మిణుకు మిణుకుమనడం మాని నిలకడగా వెలిగిందంటే పని అయిపోయినట్టే. ఆదిలాబాద్ బ్రాంచిలో పెట్టిన రూటర్‌ను హైదరాబాద్‌లో కూర్చున్న ఉద్యోగి అదే డ్యాష్‌బోర్డులో చూసుకోవచ్చు. ఎవరు ఎంత డేటా వాడారు, ఏ సైటుకు వెళ్లబోతే ఆపింది, ఏ లోపానికి ఇంకా ప్యాచ్ పడలేదు అన్నీ తెర మీదే.

ఈ సౌకర్యాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. క్లౌడ్ ద్వారా రూటర్లను చూసుకోవడం మన చిన్న వ్యాపారాలకు, కాలేజీలకు, ఆసుపత్రులకు, ప్రభుత్వ కార్యాలయాలకు నిజంగా అవసరమనే నేను అనుకుంటున్నాను. నా అభ్యంతరమల్లా ఆ స్కాన్ చేసే పది నిమిషాలను మనం చూస్తున్న తీరు మీద. దాన్ని ఫ్యాన్ బిగించడం లాంటి ఒక ఇన్‌స్టలేషన్ పనిగా లెక్కేసి, వచ్చిన టెక్నీషియన్‌కు వదిలేస్తున్నాం. నిజానికి ఆ పది నిమిషాల్లో జరిగేది అధికార బదిలీ. ఆ సంస్థలోని ప్రతి కంప్యూటరూ, ప్రతి బిల్లింగ్ మెషీనూ, ప్రతి సీసీ కెమెరా మాట్లాడే మాట ఏ దారిన పోవాలో శాసించే హక్కు అక్కడ ఒకరి పేరున నమోదవుతోంది. ఆ పేరు ఎవరిదో, దానికి రుజువేమిటో ఎవరూ అడగడం లేదు. క్లౌడ్ భద్రత గురించి మన దగ్గర జరిగే చర్చంతా పాస్‌వర్డుల చుట్టూ, విదేశీ కంపెనీల చుట్టూ తిరుగుతుంది. అసలు చూడాల్సింది రూటర్‌ను ఖాతాలో చేర్చే ఘట్టాన్ని. గత కొన్నేళ్ల అనుభవం చెబుతున్నదీ అదే.

ముందు క్లౌడ్ ఎందుకు కావాలో తేల్చుకుందాం. అందుకు ఎవరూ పట్టించుకోని రూటర్ల చరిత్ర చాలు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇంటర్నెట్ అంతా గాలిస్తూ, ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డు మార్చని కెమెరాల్లోకి, రూటర్లలోకి దూరింది. దాని చేతిలో ఉన్నది అరవై పైచిలుకు పాస్‌వర్డు జతల చిట్టా మాత్రమే. ఆ ఏడాది అక్టోబర్ 21న అలా పట్టుకున్న పరికరాల దండంతా, వెబ్‌సైట్ల పేర్లకు అడ్రసులు చూపే డైన్ అనే సంస్థ సర్వర్ల మీద పడటంతో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. 2018 మేలో సిస్కో పరిశోధక బృందం టాలోస్, వీపీఎన్‌ఫిల్టర్ అనే మరో మాల్‌వేర్‌ను బయటపెట్టింది. 54 దేశాల్లో కనీసం 5 లక్షల రూటర్లు, స్టోరేజీ పరికరాలు దాని బారిన పడ్డాయి. అప్పుడు అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలకు ఇచ్చిన సలహా ఏమిటంటే, మీ ఇంట్లో, ఆఫీసులో ఉన్న రూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండని. అంత పెద్ద దర్యాప్తు సంస్థకు ఆ 5 లక్షల పరికరాల యజమానులెవరో తెలియదు. వాళ్లందరినీ నేరుగా చేరే మార్గం లేక పత్రికా ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. 2024 జనవరిలో అదే దేశపు న్యాయశాఖ ఇంకో మెట్టు ఎక్కింది. చైనా ప్రభుత్వ అండ ఉన్న వోల్ట్ టైఫూన్ బృందం వాడుకుంటున్న వందలాది చిన్న రూటర్ల నుంచి, కోర్టు అనుమతి తీసుకుని, దూరం నుంచే మాల్‌వేర్‌ను తుడిచేశామని ప్రకటించింది. వాటిలో ఎక్కువ భాగం సిస్కో, నెట్‌గేర్ తయారీవి. కంపెనీలు అప్‌డేట్లు ఇవ్వడం ఎప్పుడో మానేసిన మోడళ్లు. వాటి యజమానుల్లో చాలామందికి తమ రూటర్ గడువు తీరిందని తెలిసి ఉండదు.

మూల బల్ల కింద, దుమ్ములో, పెట్టింది పెట్టినట్టే ఏళ్ల తరబడి వెలుగుతూ ఉండే రూటర్‌కు ఇదే గతి. దాన్ని ఎవరో ఒకరు ఎక్కడి నుంచో కనిపెట్టి ఉండాలి. జిల్లా కేంద్రంలోని నర్సింగ్‌హోమ్ నెట్‌వర్క్ ఇంజినీరును జీతమిచ్చి పెట్టుకోలేదు. క్లౌడ్ ఆ లోటు పూడుస్తుంది. ఏ పరికరం పాతబడింది, దేనికి ప్యాచ్ కావాలి అన్నది జాబితాగా కళ్లముందు పెడుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. పాత పద్ధతిలో దూరం నుంచి రూటర్‌ను సరిచేయాలంటే దాని లాగిన్ పేజీని ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచేవారు. అలా తెరిచి ఉంచిన పేజీలే దాడులకు సులువైన దారి అవుతున్నాయని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2023 జూన్‌లో అక్కడి కేంద్ర ప్రభుత్వ పౌర శాఖలన్నిటికీ ఆదేశం ఇచ్చింది. అలాంటిది కనబడిన 14 రోజుల్లో మూసేయాలి, లేదా కట్టుదిట్టమైన తనిఖీ వెనక పెట్టాలి. క్లౌడ్ పద్ధతిలో రూటరే లోపలి నుంచి బయటికి కనెక్షన్ పెట్టుకుంటుంది కాబట్టి బయటివారికి ఆ లాగిన్ పేజీ కనబడాల్సిన అవసరమే ఉండదు. కాబట్టి క్లౌడ్ వద్దనేవారు దాని బదులు ఏం పెడతారో చెప్పాలి. మన దగ్గర దాని బదులు ఉండేది సాధారణంగా ఏమీ లేకపోవడమే.

ఇక అసలు విషయం. రూటర్ తన నంబరు చెప్పినప్పుడు క్లౌడ్ ఎలా నమ్ముతోంది? ఆ నంబరు నాదని ఖాతాదారు అన్నప్పుడు ఎందుకు నమ్ముతోంది? ఈ రెండు ప్రశ్నలకు దొరికే జవాబులు ఇబ్బందికరంగా ఉన్నాయి. 2023లో ఒటోరియో అనే పారిశ్రామిక భద్రతా సంస్థ పరిశోధకులు మూడు కంపెనీల క్లౌడ్‌లను పరీక్షించి, బ్లాక్ హ్యాట్ ఆసియా సదస్సులో 11 లోపాలు చూపించారు. సియెర్రా వైర్‌లెస్, టెల్టోనికా, ఇన్‌హ్యాండ్ అనే ఈ కంపెనీల సెల్యులార్ రూటర్లు పైప్‌లైన్లు, విద్యుత్ కేంద్రాలు, నీటి పంపుల దగ్గర వాడతారు. సియెర్రా విషయంలో లోపం సరిగ్గా చేర్చే దశలోనే ఉంది. కొని, బిగించి, వాడుకుంటూ కూడా క్లౌడ్ ఖాతాలో నమోదు చేయని రూటర్లు చాలా ఉంటాయి. మాకు క్లౌడ్ అక్కర్లేదు అనుకున్న సంస్థలవి. కానీ ఆ రూటర్లు ఫ్యాక్టరీ అలవాటు ప్రకారం క్లౌడ్‌ను పలకరిస్తూనే ఉంటాయి. వారంటీ ఉందో లేదో చూసుకోవడానికి కంపెనీ పెట్టిన వెబ్ పేజీ సాయంతో అలాంటి అనాథ పరికరాల వివరాలు రాబట్టి, దారినపోయేవాడెవడైనా వాటిని తన ఖాతాలో చేర్చుకోవచ్చని పరిశోధకులు చూపించారు. చేర్చుకున్నాక ఆ రూటర్‌కు వాడే యజమాని. క్లౌడ్ జోలికి పోలేదు కాబట్టి భద్రంగా ఉన్నామనుకున్నవాళ్లే ఇక్కడ దొరికిపోయారు. ఈ ముచ్చటలో నాకు అన్నిటికన్నా ఆలోచించదగ్గదిగా కనబడింది అదే.

2024 డిసెంబర్‌లో క్లారోటీ సంస్థ పరిశోధకులు చైనా కంపెనీ రుయిజీ క్లౌడ్‌లో 10 లోపాలు బయటపెట్టారు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 50 వేల పరికరాలకు ఆ ముప్పు ఉందని అంచనా వేశారు. ఆ పరికరం క్లౌడ్‌కు చెప్పుకునే రహస్యం దాని సీరియల్ నంబరు నుంచే లెక్కగట్టి తీయగలిగేది. ఆ సీరియల్ నంబరేమో వైఫై సిగ్నల్‌లో బయటికి ప్రసారమైపోయేది. అంటే దుకాణం ముందు రోడ్డు మీద ఫోన్ పట్టుకుని నిల్చున్న మనిషికి కూడా ఆ నంబరు అందుతుంది. దాంతో ఆ రూటర్ వేషం వేసుకుని క్లౌడ్‌తో మాట్లాడొచ్చు, క్లౌడ్ వేషం వేసుకుని రూటర్‌కు ఆజ్ఞలూ ఇవ్వొచ్చు. కంపెనీ ఆ లోపాలను క్లౌడ్‌లోనే సరిదిద్దింది, వాడుకదారులు చేయాల్సింది ఏమీ లేకపోయింది. క్లౌడ్‌లో ఉన్న తీపీ చేదూ రెండూ ఒక్క ఉదంతంలోనే కనబడ్డాయి.

మూడోది అన్నిటికన్నా ఘాటైనది. ఫోర్టినెట్ కంపెనీకి ఫోర్టిమేనేజర్ అనే ఉత్పత్తి ఉంది. వందల, వేల ఫైర్‌వాల్‌లను ఒక్కచోట నుంచి నడిపే సాధనం. సంస్థ సొంత సర్వర్‌లోనూ పెట్టుకోవచ్చు, క్లౌడ్‌లోనూ తీసుకోవచ్చు. 2024 అక్టోబర్ 23న ఆ కంపెనీ ఒక లోపాన్ని ప్రకటించింది. తీవ్రతలో పదికి 9.8 మార్కులు. పరికరాలు ఫోర్టిమేనేజర్‌తో మాట్లాడే దారిలో, వచ్చినవాడెవడో సరిగ్గా అడిగే ఏర్పాటు లేదు. దాడి చేసినవాళ్లు తమ దగ్గరున్న ఒక పరికరాన్ని ఇదీ మీదే అన్నట్టు ఫోర్టిమేనేజర్‌లోకి చేర్చారు. చేరాక లోపలున్న మిగతా ఫైర్‌వాల్‌ల సెట్టింగులు, అడ్రసులు, పాస్‌వర్డుల ఫైళ్లు మూటగట్టుకుపోయారు. దర్యాప్తు చేసిన మాండియంట్ ప్రకారం ఇది ఆ ఏడాది జూన్ 27 నుంచే నడుస్తోంది. 50కి పైగా ఫోర్టిమేనేజర్లు దీనికి గురై ఉండొచ్చని ఆ సంస్థ చెప్పింది. అంటే ప్రకటన వెలువడేసరికి దాదాపు నాలుగు నెలలు గడిచాయి. కొన్ని వెర్షన్లకు కంపెనీ వెంటనే సూచించిన తాత్కాలిక చిట్కా ఏమిటో తెలుసా? జాబితాలో లేని సీరియల్ నంబరుతో వచ్చే పరికరాన్ని నమోదు చేసుకోకు అని చెప్పే ఒక సెట్టింగు. తెలియని పరికరం వస్తే చేర్చుకోకూడదన్నది మొదటి రోజు నుంచీ అలవాటుగా ఉండాల్సిన సంగతి కదా!

మనకు బాగా తెలిసిన వ్యవహారంతో దీన్ని పోల్చుకోవచ్చు. పొలం కొని డబ్బు మొత్తం చెల్లించి, సాగు చేసుకుంటూ ఉన్నా రికార్డులో మ్యుటేషన్ జరగకపోతే ఏమవుతుందో తెలుగు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొన్నవాడి చేతిలో పొలం ఉంటుంది, పాత పట్టాదారు పేరున హక్కు ఉంటుంది. తగాదా వచ్చేదాకా ఆ తేడా కనబడదు. రూటర్ల విషయంలో మన చిన్న సంస్థలు చాలావరకు ఇదే స్థితిలో ఉన్నాయి. బిల్లు కాలేజీ పేరున ఉంటుంది, పరికరం కాలేజీ గోడకు ఉంటుంది, క్లౌడ్ ఖాతా మాత్రం బిగించిపోయిన కాంట్రాక్టర్ సొంత జీమెయిల్‌తో తెరిచి ఉంటుంది. ఒక్కోసారి ఆ కాంట్రాక్టర్ దగ్గర ఆర్నెల్లు పనిచేసి మానేసిన కుర్రాడి జీమెయిల్‌తో. అతడి చెడ్డతనం గురించి కాదు నేను చెబుతున్నది. ఫోన్ పోయినా, సిమ్ మారినా, బాకీ గురించి మాట తేడా వచ్చినా ఆ కాలేజీ తన నెట్‌వర్క్‌కు పరాయిదే అవుతుంది. పైగా ఒకే కాంట్రాక్టర్ డ్యాష్‌బోర్డులో యాభై మంది క్లయింట్లు వరుసగా ఉంటే ఆ ఒక్క పాస్‌వర్డు పోవడం యాభై సంస్థలు పోవడంతో సమానం. రూటర్లను వేరే సంస్థకు అప్పగించి చూపించుకోవడంలో తప్పు లేదు, ప్రపంచమంతటా జరిగేదే. యజమాని ఖాతా యజమానిది, అందులో నిర్వహణ అనుమతి కాంట్రాక్టర్‌ది అన్న తేడా ఉండాలి. ఆ అనుమతిని ఒక్క క్లిక్‌తో తీసేయగలిగేలా ఉండాలి. అంతే.

ఇది ప్రైవేటు ఆఫీసుల గొడవ మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమైంది. నెలకు 149 రూపాయల ప్యాకేజీతో పల్లెల్లోకి ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ తీసుకెళ్లే ప్రయత్నం అది. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల వెంటే టీ-ఫైబర్ తీగలు వేశారు. కేంద్రం భారత్‌నెట్ పేరున పంచాయతీలకు ఫైబర్ వేస్తోంది. ఇలాంటి ఏ నెట్‌వర్క్‌లోనైనా ఇళ్లలో, ఆఫీసుల్లో పెట్టిన పెట్టెలను ఇంటికొక మనిషిని పంపి సరిచేయడం కుదరని పని. ఎక్కడో ఒక కేంద్రం నుంచే నడపాలి. అలా నడిపేటప్పుడు ఏం జరగవచ్చో జర్మనీ చూసింది. 2016 నవంబర్ చివర్లో డాయిష్ టెలికామ్ ఖాతాదారుల్లో సుమారు 9 లక్షల మంది రూటర్లు మొరాయించాయి. ఇంటర్నెట్ సంస్థలు దూరం నుంచి రూటర్లను సరిచేయడానికి వాడే పోర్టును వెతుక్కుంటూ మిరాయ్ కొత్త రకం తిరిగింది. ఆ రూటర్లలోకి అది ఎక్కలేకపోయింది, తట్టిన దెబ్బకే అవి కుప్పకూలాయి. 2023 అక్టోబర్‌లో అమెరికాలో ఒకే ఇంటర్నెట్ సంస్థకు చెందిన 6 లక్షలకు పైగా రూటర్లు మూడు రోజుల్లో శాశ్వతంగా చచ్చిపోయాయని లుమెన్ సంస్థ పరిశోధకులు 2024 మేలో వెల్లడించారు. రీసెట్ చేసినా బతకలేదు, కొత్త పెట్టెలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఆ సంస్థ సేవలందించే ప్రాంతంలో పల్లెలే ఎక్కువ. మీసేవ కేంద్రం, రేషన్ దుకాణం, ఉపాధి హామీ హాజరు అన్నీ ఆన్‌లైన్ మీద నడిచే మన గ్రామాల్లో మూడు రోజులు అలా జరిగితే ఎవరు ఏమై ఉండేవారో ఊహించుకోవచ్చు.

దీనికి వచ్చే మొదటి ఎదురు వాదన, ఇన్ని ముప్పులుంటే క్లౌడ్ మానేసి అంతా మన దగ్గరే పెట్టుకుందాం అన్నది. ఫోర్టిమేనేజర్ ఉదంతమే దీనికి సగం జవాబు. అక్కడ దెబ్బతిన్నవాళ్లలో సొంత సర్వర్ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నిర్వాహక సాధనం మన గదిలో ఉన్నంత మాత్రాన చేర్చే విధానంలో లొసుగు మాయం కాదు. మిగతా సగం జవాబు మనుషుల కొరత. సొంతంగా పెట్టుకున్న సర్వర్‌కు ప్యాచ్ వేసేదెవరు, ఆదివారం రాత్రి అలారం మోగితే చూసేదెవరు? 2022 ఏప్రిల్ 28న మన కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచి ఉంచాలి. చిన్న రూటర్ మెమరీలో లాగ్ ఎన్నాళ్లుంటుంది? కరెంటు పోయి వస్తే తుడిచిపెట్టుకుపోతుంది. చట్టం అడిగినది చేయడానికైనా ఆ లాగ్ బయట ఎక్కడో చేరాలి. అయితే ఈ వాదనలో ఒక నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. విద్యుత్ సబ్‌స్టేషన్, డ్యామ్ గేట్ల నియంత్రణ, అణు కేంద్రం లాంటి చోట్ల రూటర్‌కు బయటి క్లౌడ్‌తో పనే ఉండకూడదు. అక్కడ మనుషులను పెట్టుకోవాల్సిందే, ఖర్చు భరించాల్సిందే. కాకపోతే అక్కడ క్లౌడ్ వాడబోమని నిర్ణయించుకుంటే సరిపోదు. ఆ పరికరం క్లౌడ్‌ను పలకరించే అలవాటును కూడా ఆపేశామా అని చూసుకోవాలి. సియెర్రా ఉదంతం నేర్పింది అదే.

రెండో అభ్యంతరం బరువైనది. వందల సంస్థల పగ్గాలు ఒకచోట పోగేస్తే అక్కడ జరిగే ఒక్క పొరపాటు అందరినీ ముంచుతుంది కదా? ముంచుతుంది, ముంచింది కూడా. 2023 డిసెంబర్‌లో యుబిక్విటీ కంపెనీ క్లౌడ్‌లో మార్పులు చేస్తుండగా 1,216 ఖాతాలు వేరే 1,177 ఖాతాలతో తప్పుగా ముడిపడి, కొందరికి పరాయివాళ్ల పరికరాలు, కెమెరా బొమ్మలు కనబడ్డాయి. హ్యాకర్ ఎవరూ లేరు, ఎవరి పరికరం ఎవరిది అన్న లెక్క తప్పింది. 2024 జూలై 19న సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రయిక్ పంపిన ఒక్క అప్‌డేట్‌కు ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయి, శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వాల్సి వచ్చింది. అవి రూటర్లు కాకపోయినా, ఒకచోట నుంచి అన్నిటికీ ఒకేసారి పంపే పద్ధతి అదే. 2025 సెప్టెంబర్‌లో ఫైర్‌వాల్ కంపెనీ సోనిక్‌వాల్ తన క్లౌడ్‌లో దాచిన ఫైర్‌వాల్ బ్యాకప్ ఫైళ్లు బయటివారికి చిక్కాయని చెప్పింది. మొదట 5 శాతం లోపు వాడుకదారులవే అంది. అక్టోబర్‌కల్లా ఆ బ్యాకప్ సేవ వాడిన అందరివీ అని తేలింది. ఇవన్నీ క్లౌడ్‌ను పూర్తిగా తోసిపుచ్చడానికి కారణాలు కావని నేను అనడానికి ఆధారం ఇది: వీటిలో ప్రతిదానికీ కొనేవాడు ముందే అడగగలిగిన ఏర్పాటు ఒకటుంది. అప్‌డేట్ అన్ని రూటర్లకూ ఒకేసారి పోకుండా ముందు పదింటికి, ఒక రోజు ఆగి వందకు, తర్వాత మిగతావాటికి పంపే వీలు. ఖాతాలోని రూటర్లన్నిటినీ తాకే ఆజ్ఞకు ఇద్దరి ఆమోదం. బ్యాకప్ ఫైల్‌లో రహస్యాలు మన దగ్గరున్న కీతోనే తెరుచుకునేలా ఉండటం. క్లౌడ్ కనబడకుండా పోయినా రూటర్ చివరి సెట్టింగుతో పని కొనసాగించడం. చివరిదొక్కటీ చాలా కంపెనీలు ఇప్పటికే ఇస్తున్నాయి. మిగతావి అడిగినవాళ్లకే దొరుకుతాయి, కొన్ని అడిగినా దొరకవు.

విదేశీ కంపెనీల మాట వేరే పెద్ద కథ. టెలికాం సంస్థలు నమ్మకమైన వనరుల నుంచే పరికరాలు కొనాలని కేంద్రం 2021 జూన్ 15 నుంచి అమలు చేస్తోంది. అది మంచిదే, కానీ పరికరం ఏ దేశంలో తయారైందన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే సగమే చూసినట్టు. మన దేశంలో తయారైన రూటర్‌నైనా ఎవరి ఖాతాలోనో చేరిస్తే ఫలితం ఒకటే. ఇందులోనే లైసెన్సు బెడద కూడా ఉంది. సిస్కో 2012లో 120 కోట్ల డాలర్లకు కొన్న, క్లౌడ్ నుంచి నడిచే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ మెరాకీనే తీసుకుందాం. దాని పాత ఉమ్మడి లైసెన్సు పద్ధతిలో గడువు తీరాక 30 రోజులు ఆగి, అప్పటికీ పునరుద్ధరించకపోతే పరికరం పనిచేయడం మానేస్తుంది. డబ్బు పూర్తిగా కట్టి కొన్న పెట్టె అన్నమాట. మార్చి బిల్లు జూన్‌లో, జూన్ బిల్లు దసరాకు పాస్ అయ్యే మన ప్రభుత్వ ఖజానా వేగానికి 30 రోజులు ఏపాటి?

మూడో అభ్యంతరం చిన్న వ్యాపారులది. ఇవన్నీ పెద్ద సంస్థలకు, మాకెక్కడ కుదురుతుంది అంటారు. సాంకేతికంగా గట్టి మార్గం ఇప్పటికే ఉంది. ప్రతి పరికరంలో ఫ్యాక్టరీలోనే ఎవరూ కాపీ చేయలేని డిజిటల్ గుర్తింపు పత్రం పొదగడానికి ఐఈఈఈ 802.1ఏఆర్ ప్రమాణం ఉంది. పరికరం, యజమాని ఒకరినొకరు రుజువు చేసుకున్నాకే సెట్టింగులు దిగేలా 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8572, 2021లో ఆర్‌ఎఫ్‌సీ 8995 అనే ఇంటర్నెట్ ప్రమాణాలు వచ్చాయి. వాటిని పాటించే రూటర్‌ను స్టిక్కర్ నంబరు చూసి కొట్టేయడం కుదరదు. చిన్న కొట్టు యజమాని ఈ పేర్లు గుర్తుపెట్టుకోవాలని ఎవరూ కోరరు. ఆ పని ప్రభుత్వానిది. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి తేలికైన ఫ్యాక్టరీ పాస్‌వర్డులతో పరికరాలు అమ్మడాన్ని చట్టవిరుద్ధం చేసింది. అమ్మేవాడి మీద బాధ్యత పెడితే కొనేవాడు నిపుణుడు కానక్కర్లేదు. మన టెలికాం శాఖ రూటర్లకు భద్రతా పరీక్షలు పెడుతోంది. ఆ పరీక్షల్లో క్లౌడ్ నమోదు పద్ధతికి కూడా చోటివ్వాలి, సీరియల్ నంబరు ఒక్కటే రుజువుగా తీసుకునే ఉత్పత్తిని వెనక్కి పంపాలి. ఈలోగా కొట్టు యజమాని చేయగలిగేవి పైసా ఖర్చు లేనివి. ఖాతా సంస్థ పేరున ఉన్న మెయిల్‌తో తెరవడం, రెండో అడ్మిన్‌గా ఇంట్లో మనిషిని పెట్టుకోవడం, ఓటీపీ తప్పనిసరి చేసుకోవడం, స్టిక్కర్ ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టకపోవడం. నెలకోసారి డ్యాష్‌బోర్డు తెరిచి, అందులో ఉన్న రూటర్లు లెక్కపెట్టి, గోడకున్న రూటర్లతో సరిపోల్చుకోవడం. ఫోర్టిమేనేజర్ దాడిలో ఆగంతుక పరికరం నమోదు కాని వాటి జాబితాలో కనబడుతూనే ఉంది. ఆ జాబితా తెరిచి చూసే అలవాటు ఉండాలి.

చేర్చడం గురించి ఎవరూ అడగనట్టే తీసేయడం గురించీ అడగరు. రూటర్ పాతబడి స్క్రాప్‌కు పోయినా, శాఖ మూతపడినా, వేరేవాళ్లకు అమ్మినా ఖాతాలోంచి తొలగించకపోతే అది పాత యజమానిదే. మెరాకీ పరికరాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు పాత యజమాని తొలగించేదాకా తమ ఖాతాలో చేర్చుకోలేక కాళ్లరిగేలా తిరుగుతుంటారు. తలకిందులుగా కూడా జరగొచ్చు. తుడవకుండా అమ్మిన రూటర్‌లో పాత ఆఫీసు వీపీఎన్ కీ అలాగే ఉంటే, కొన్నవాడు దాంతోనే ఆ ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీలుంటుంది.

మన ప్రభుత్వ టెండర్లలో రూటర్ వేగానికి, పోర్టుల సంఖ్యకు, వారంటీ ఏళ్లకు పేజీలకు పేజీలు ఉంటాయి. వాటి పక్కన రెండు షరతులు కలపమని అడుగుతున్నాను. సరఫరా చేసిన ప్రతి పరికరాన్నీ ఆ శాఖ అధికారి సమక్షంలో, ఆ శాఖ పేరున ఉన్న ఖాతాలోనే నమోదు చేసి, సీరియల్ నంబర్ల జాబితా మీద ఇద్దరూ సంతకాలు చేశాకే చివరి పది శాతం బిల్లు చెల్లించాలి. కాంట్రాక్టు ముగిసిన రోజు కాంట్రాక్టర్ అనుమతులన్నీ తొలగించినట్టు డ్యాష్‌బోర్డు నుంచి తీసిన నివేదిక జతపరిస్తేనే డిపాజిట్ తిరిగివ్వాలి. డబ్బు ముడిపడింది కాబట్టి ఈ రెండు పనులకూ కాంట్రాక్టరే అధికారి వెంటపడతాడు, ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు.